మోచెయ్యి గారు

ఆ వానాకాలం మొదట్లో ఒకరోజు, స్నానాల గదిలో పీట మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను. జారలేదు, పడలేదు, ఎక్కడా నొప్పి లేదు. లేద్దామనుకున్నాను, కాళ్లు ఒప్పుకోలేదు. అంతే. బకెట్లో నీళ్లు చల్లారిపోయాయి. చిన్నదాన్ని పిలవాలంటే సిగ్గు, పిలవకపోతే భయం. చివరికి భయమే గెలిచింది. నా విషయంలో ఎప్పుడూ అదే గెలుస్తుంది.

"ఏమే, ఒకసారి ఇటు రా" అని కేకేశాను.

చిన్నది అంటే నా తోడికోడలు, మా మరిది భార్య. తలుపు తోసుకుని వచ్చి నన్ను చూసి, "ఏంటక్కా, సింహాసనం దిగవా ఇవాళ?" అంది. చంకల కింద చేతులు వేసి ఒక్క ఊపున లేపింది. లేపాక గోడకి ఆనుకుని కాసేపు నిలబడింది. నా బరువుకి అలిసిందనుకున్నాను.

మా ఇద్దరి భర్తలూ అన్నదమ్ములు. పుస్తకాల బైండింగ్ చేసేవాళ్లు. కింద షాపు, పైన ఇల్లు, మధ్యలో నిటారుగా ఇరుకు మెట్లు. ముందు మా మరిది పోయాడు, తర్వాత మా ఆయన, ఆ తర్వాత బైండింగే పోయింది. ఇప్పుడు కింద చిన్నదాని కొడుకు జిరాక్స్ మెషీన్ పెట్టుకుని కూర్చుంటాడు. పెళ్లి మాట ఎత్తితే చాలు, ఏదో ఒకటి మెషీన్లో పెట్టి గరగరా తిప్పేస్తాడు. నన్ను గాభరా పెద్దమ్మ అంటాడు. నా ముఖం మీదే అంటాడు.

డాక్టరు నా పిక్కని రెండు వేళ్లతో పట్టి చూశాడు. పిడికిలి బలం చూసే పరికరం ఇచ్చి పిసకమన్నాడు. పిసికాను. దాని ముల్లు కదలడానికే బద్ధకించింది.

"ఎముకలు బాగానే ఉన్నాయమ్మా. కండ కరిగిపోతోంది. వయసుతో అందరికీ కొంత కరుగుతుంది, మీకు ఎక్కువ కరిగింది."

"వెన్నా కరగడానికి?" అంది చిన్నది. ఆ పరికరం తన చేతిలోకి తీసుకుని తనూ పిసికింది. ముల్లు నా దగ్గర ఆగిన చోటే ఇంచుమించు ఆగింది. "ఇది పాడైపోయినట్టుంది డాక్టర్ గారూ, వేరేది తెచ్చుకోండి" అని బల్ల మీద పెట్టేసింది. ముగ్గురం నవ్వాం.

గుడ్లు, పాలు, పప్పు బాగా తినమన్నాడు. తింటే చాలదు, కండకి పని చెప్పాలన్నాడు. ఆసుపత్రి వాళ్లు నాలాంటి వాళ్లకి ఫోన్లో ఒక క్లాసు నడుపుతున్నారట. చైనాలో ముసలివాళ్లు ఎప్పటి నుంచో చేసే కసరత్తు. ఎనిమిది కదలికలు, అన్నీ నెమ్మదిగా. టీచరు తనుండే చోటి నుంచే చూసి చెబుతుంది, మేం మా ఇళ్లలోనే చెయ్యాలి.

"చైనా వాళ్ల కసరత్తు మనకి పనిచేస్తుందంటావా?" అన్నాను, రిక్షాలో వస్తూ.

"మోకాలికి దేశం తెలుసా అక్కా?" అంది.

సాయంత్రం మా అమ్మాయి ఫోను చేసింది. చిన్నదాని అబ్బాయి ముందే అంతా చెప్పేసినట్టున్నాడు. "అమ్మా, మా ఇంట్లో మెట్లు లేవు. ఒక గది ఖాళీగా ఉంది. వానలు వెలిశాక వస్తాను. ఆ మెట్లు నీ అంతట నువ్వు దిగి, మళ్లీ ఎక్కి చూపిస్తే అక్కడే ఉండు, ఇంకెప్పుడూ అడగను. లేదంటే నాతో రావాలి. వాడొక్కడు నిన్ను ఎన్నాళ్లు మోస్తాడు?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ కోపంగా ఏదో అనేదాన్ని.

అమ్మాయి ఊరు వేరు. వెళ్తే చిన్నదాన్ని వదిలి వెళ్లాలి. నాకు వీడ్కోళ్లు పడవు. చుట్టాలు బయల్దేరుతుంటే వంటగదిలోకి పోయి గిన్నెలు తోముతాను. అమ్మాయి పెళ్లై వెళ్లిన రోజున కూడా గిన్నెలే తోమాను.

ఈ వీడ్కోళ్ల జబ్బు నాకు పుస్తకాల వల్లే వచ్చిందని చిన్నది అంటుంది. చదువు నాకు ఎవరూ చెప్పలేదు. అచ్చయిన కాగితాలని మడతపెట్టి పేజీల వరస చూడాలి కాబట్టి, అంకెలు ముందు, తర్వాత అక్షరాలు, నాకు నేనే కూడబలుక్కున్నాను. ఒక్కో మడతలో కథ ముక్కే ఉంటుంది. ఎవరో ఎవరినో వదిలి బండెక్కుతున్న చోట నా మడత అయిపోయేది. తర్వాతి మడత చిన్నదాని ముందు ఉండేది. "ఏమే, తిరిగి వచ్చాడా?" అని అడిగేదాన్ని. కాగితం వంక ఒకసారి చూసి "వచ్చాడక్కా" అనేది. దానికి చదువు రాదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా అడిగేదాన్ని.

కుట్టు పని కూడా ఇద్దరం కలిసే చేసేవాళ్లం. నేను సూదితో కుడుతుంటే, చిన్నది కాగితాల కట్ట కదలకుండా వెనక నుంచి పట్టుకునేది. అందులో ఒక నియమం ఉంది. పట్టుకున్నవాళ్లు వదిలే ముందు చెప్పి వదలాలి. చెప్పకుండా వదిలితే కట్ట జారి సూది వేలిలో దిగుతుంది. "వదులుతున్నానక్కా" అని అప్పుడు వదిలేది. ముప్పొద్దులా ఆ మాటే వినపడేది మా ఇంట్లో.

*

క్లాసు పొద్దున్నే. పుస్తకాలు నొక్కే పాత ఇనప ప్రెస్సు పైగదిలోనే ఉండిపోయింది, అంత బరువు కిందికి దించేవాళ్లు లేక. అబ్బాయి ఫోనుని దానికి ఆనించి నిలబెట్టాడు. ఫోను తెరలో గళ్లు, ఒక్కో గడిలో ఒక ముసలి మనిషి. పై గడిలో టీచరు, చిన్న వయసు పిల్ల, ఓపిక గల గొంతు.

తెరలో నేను మోకాళ్ల దాకా కనిపిస్తాను. చిన్నది పక్కన, తెరకి అందని చోట, ఒక చెయ్యి చాపి నా వీపు మీద వేసి నిలబడేది. నేను పడతానేమోనని. తెరలో దాని మోచెయ్యి మాత్రమే కనిపించేది.

"అమ్మా, మీ వెనక ఎవరిదో మోచెయ్యి ఉంది" అంది టీచరు మొదటిరోజు.

"మా తోడికోడలమ్మా. నాకు భయం, అందుకని."

"నమస్తే మోచెయ్యి గారూ! మీరు కూడా చేయొచ్చుగా?"

"నాకేం రోగమమ్మా, గుర్రంలా ఉంటేను" అంది చిన్నది, కనపడకుండానే. గళ్లలో అందరూ నవ్వారు. ఆరోజు నుంచి అదే పేరు.

మొదటి కదలిక, రెండు చేతులూ వేళ్లు అల్లి, ఆకాశాన్ని పైకి ఎత్తుతున్నట్టు ఎత్తాలి. రెండోది, గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు వంచి విల్లు లాగాలి. నాలుగోది, మెల్లగా తల తిప్పి వెనక్కి చూడాలి. చివరిది, మడమలు ఎత్తి, పాదాలు ధబ్బున నేలకి దించాలి. మా చెక్క నేల మీద ఆ చప్పుడు కింద షాపులోకి వినపడేది. "అయిందా అమ్మా?" అని కింద నుంచి అరిచేవాడు అబ్బాయి. "అయిందిరా, టీ పట్రా!" అని చిన్నది పైనుంచి అరిచేది. తర్వాత నా వీపు దగ్గర, "వదులుతున్నానక్కా."

క్లాసు అయ్యాక గళ్లు ఒక్కొక్కటే ఆరిపోతాయి. అది నాకు చూడబుద్ధి అయ్యేది కాదు. చిన్నదే వచ్చి మీట నొక్కేది.

అందరికీ పేర్లు కూడా అదే పెట్టింది. ఒకాయన కుర్చీలోనే కూర్చుని చేసేవాడు. బస్సు డ్రైవరుగా చేశాడట, విల్లు లాగమంటే స్టీరింగ్ తిప్పినట్టు తిప్పేవాడు. "పోనీ, పోనీ, రైట్" అనేది చిన్నది నా చెవిలో. ఇంకొకాయన ఎప్పుడూ ఉన్ని టోపీతోనే ఉండేవాడు. ఆయన టోపీ మావయ్య.

"మీరు బాణం వదలట్లేదమ్మా, లాగి అలాగే పట్టుకుంటున్నారు" అనేది టీచరు నాతో.

"ఆవిడ ఏదీ వదలదమ్మా, పాత గుడ్డపేలికలు కూడా" అని మోచెయ్యి గారు జవాబు చెప్పేది.

వానలు ముదిరాయి. కిటికీ అవతల రోజంతా నీళ్లు. నేను కుర్చీ పట్టుకోకుండా లేవడం మొదలుపెట్టాను. తర్వాత పీట మీద నుంచి. మొదటిసారి పీట మీద నుంచి లేచిన రోజున అబ్బాయి షాపు వదిలేసి పైకొచ్చి చూశాడు. "పెద్దమ్మా, మళ్లీ కూర్చుని మళ్లీ లే, వీడియో తీస్తా" అన్నాడు. "ఆవిడేం కోతా, ఆడించడానికి?" అని కసిరింది చిన్నది. కసురుతూనే మంచం అంచున కూర్చుంది. నిలబడలేదు.

ఒకరోజు టోపీ మావయ్య గడి లేదు. తర్వాతి వారం కూడా లేదు. డ్రైవరు గారు అడిగాడు. టీచరు తల వంచుకుని, "ఆయన ఇంక రారండి" అంది. ఆకాశాన్ని ఎత్తమంది.

ఆరోజు క్లాసయ్యాక చిన్నది అడిగింది. "అక్కా, మనిషి లేకపోతే ఆ గడి కూడా తీసేస్తారా?"

"తీసేస్తారు. మిగతావాళ్లు దగ్గరికి జరుగుతారు."

"మంచిదే. ఖాళీ కనపడదు" అంది.

*

ఏ రోజని చెప్పలేను. విల్లు లాగుతున్నాను, కాళ్లు వంగి ఉన్నాయి, వీపు మీద ఆ చెయ్యి ఉంది. ఆ చెయ్యి బరువెక్కింది.

దాని చెయ్యి నాకు తెలుసు. ఇన్నేళ్లు నేను సూది చూసుకున్నాను గానీ కట్ట వంక ఎప్పుడూ చూడలేదు. అది ఎలా పట్టుకుందో చేతి ఒత్తిడిని బట్టే తెలిసేది. ఈ చెయ్యి నన్ను పట్టుకోవడం లేదు. నన్ను పట్టుకుని నిలబడుతోంది.

కాళ్లు మెల్లగా ఇంకాస్త ఎడం చేశాను. పాదాలు నేలలోకి దించాను, టీచరు ఎప్పుడూ చెప్పినట్టు. కదలకుండా ఉన్నాను.

"అద్భుతం అమ్మా! అందరూ చూడండి, ఎంత గట్టిగా నిలబడ్డారో!" అంది టీచరు.

ఆ మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. మెట్లు దిగడం అలవాటు చేసుకుందామన్నాను. నేను ముందు, అది వెనక. సగం మెట్లు దిగేసరికి వెనక అడుగుల చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే మెట్టు మీద కూర్చుని ఉంది. పెదవులు నల్లగా ఉన్నాయి. పాదాలు చెప్పుల్లో పట్టకుండా ఉబ్బి ఉన్నాయి. ఎప్పటి నుంచి ఉబ్బాయో!

పక్కన కూర్చున్నాను. ఆ మెట్టు మీద ఇద్దరు పట్టరు. పట్టాం.

"ఎన్నాళ్ల నుంచే?"

"నీకు మందులు తేవడానికి వెళ్లినప్పుడు ఆ డాక్టర్నే అడిగాను. గుండె పెద్దదైపోయిందట. ఈ వయసులో కోత పెట్టరట. మాత్రలిచ్చాడు, మింగుతున్నాను." ఊపిరి తీసుకుని నవ్వింది. "చూడు తమాషా. నీకేమో కండ తరిగింది, నాకేమో గుండె పెరిగింది. కలిపి చెరిసగం పంచుకుంటే సరిపోయేది."

"అబ్బాయికి చెప్పావా?"

"చెబితే ఏం చేస్తాడు? షాపు మూసేసి నా ఎదురుగా కూర్చుంటాడు. ఇద్దరు ముసలాళ్లని వాడొక్కడు చూడలేడని మీ అమ్మాయి రేపే వచ్చి నిన్ను పట్టుకుపోతుంది. నీ ముఖం కనపడకుండా నేనిక్కడ పడుకోవాలి. అదా నీక్కావలసింది?"

వంగి దాని చెప్పులు ఊడదీశాను. కింద మెషీన్ గరగర వినపడుతోంది. అప్పుడు అడిగాను.

"తగ్గుతుందా?"

నా వంక ఒకసారి చూసింది. "తగ్గుతుందక్కా" అంది.

కాగితం వంక చూసి "వచ్చాడక్కా" అనేదే, అదే గొంతు.

*

తర్వాత రోజులు నేను బాగా తిన్నాను. ఇష్టం లేని గుడ్డు కూడా మాట్లాడకుండా మింగాను. క్లాసు లేనప్పుడు కూడా కాళ్లు వంచి నిలబడ్డాను. నాకు బలం రావాలి. ఇద్దరికి సరిపడా రావాలి.

"అమ్మా, మీకు ఇంక సాయం అక్కర్లేదు" అంది టీచరు ఒకరోజు. "మోచెయ్యి గారిని చెయ్యి తీసెయ్యమనండి. సొంతంగా నిలబడితేనే ఇంకా బలం వస్తుంది."

వీపు మీద చెయ్యి కదలబోయింది.

"వద్దమ్మా, నాకు భయం" అన్నాను గబుక్కున.

"ఏం భయం అమ్మా, చక్కగా నిలబడుతుంటే!"

"పుట్టుకతో వచ్చిన భయం. ఉండనివ్వండి."

డ్రైవరు గారు కుర్చీలోంచి, "నేర్చుకునే బండికి పక్కన మనిషి ఉండాల్సిందే, ఉండనివ్వండి మేడం" అన్నాడు. అందరూ నవ్వారు. కింద నుంచి వచ్చిన అబ్బాయి కూడా, "మా గాభరా పెద్దమ్మ అంతేనండి" అన్నాడు. జీవితమంతా నా భయాన్ని చూసి నవ్వినవాళ్లే అందరూ. ఆరోజు నవ్వితే నాకు హాయిగా అనిపించింది. ఎవరికీ అనుమానం రాలేదు.

వారం వారం టీచరు చెయ్యి తీసెయ్యమనేది. వారం వారం నాకు భయమేసేది. మా ఇద్దరి మధ్య ఆ మాట మళ్లీ రాలేదు. నాలుగో కదలికలో వెనక్కి తల తిప్పినప్పుడు దాని ముఖం కనపడేది. కళ్లు మూసుకుని, గోడకి భుజం ఆనించి నిలబడి ఉండేది. నేను తల ముందుకి తిప్పేసరికి తెరిచేసేది కాబోలు.

వానలు వెలిశాక అమ్మాయి వచ్చింది. మెట్ల కింద నిలబడి, "కానీ అమ్మా, చూద్దాం" అంది. పక్కన అబ్బాయి, చేతులు చాపి, పడితే పట్టుకోవడానికి.

"అక్కా, నేనూ వస్తాను నీ వెనక" అంది చిన్నది.

"నువ్వు పట్టుకోకూడదు పిన్నీ" అంది అమ్మాయి.

"పట్టుకోనే. భుజం మీద చెయ్యి వేస్తానంతే. లేకపోతే ఈవిడ భయంతో చస్తుంది."

గోడకి ఒక చెయ్యి ఆనించి దిగాను. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ కలిపి, ఆగి, ఊపిరి తీసి. భుజం మీద దాని బరువంతా ఉంది. మధ్యలో ఒకచోట అది ఆగింది. నేనూ ఆగాను. "ఏం పెద్దమ్మా, కాళ్లు వణుకుతున్నాయా?" అన్నాడు అబ్బాయి. "ఆఁ, కొంచెం" అన్నాను. నా కాళ్లు వణకడం లేదు. కిందికి చేరి, కాసేపు బల్ల మీద కూర్చుని, మళ్లీ ఎక్కాం. ఎక్కడం దిగడంలా కాదు. భుజం మీది వేళ్లు నా ఎముకలోకి దిగాయి. పైమెట్టు మీద నిలబడి కిందికి చూస్తే అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది.

"సరేనమ్మా, నువ్వే గెలిచావు. ఇక్కడే ఉండు" అంది.

"వదులుతున్నానక్కా" అంది చిన్నది నా చెవి దగ్గర. వదిలి, గోడ పట్టుకుంది.

అమ్మాయి బయల్దేరుతుంటే నేను వంటగదిలోకి పోలేదు. కిటికీ దగ్గర నిలబడి చెయ్యి ఊపాను.

*

చలిగాలి మొదలైన వారంలో చిన్నది మంచం మీద నుంచి లేవలేదు. ఇంక దాచడానికి ఏమీ లేదు. అబ్బాయి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వాడు డాక్టరు ముందు అరిచాడని, తర్వాత మెట్ల మీద కూర్చుని ఏడ్చాడని విన్నాను. నేను రోజూ వెళ్లేదాన్ని. దాని గది మూడో అంతస్తులో. లిఫ్టంటే నాకు భయం, మెట్లెక్కే వెళ్లేదాన్ని.

"గుర్రంలా ఎక్కి వస్తున్నావే" అనేది నన్ను చూసి. మాట మాటకీ మధ్య గాలి వెతుక్కునేది.

దాని చెయ్యి నా చేతిలోకి తీసుకుని కూర్చునేదాన్ని. చూసే వేళ అయిపోయిందని నర్సు వచ్చినప్పుడు, "వదులుతున్నానే" అనేదాన్ని నేను. "ఊఁ" అనేది. అప్పుడు లేచేదాన్ని.

ఒక మధ్యాహ్నం నర్సు మంచినీళ్లు తెమ్మంది. కుళాయి కింది అంతస్తులో. దిగి, సీసా నింపుకుని, ఎక్కి వచ్చాను. ఎక్కడా ఆగలేదు. వచ్చేసరికి గది తలుపు దగ్గర నర్సు నిలబడి ఉంది. నా చేతిలో సీసా తను తీసుకుంది.

ఇన్నేళ్లలో చెప్పకుండా వదిలింది అదొక్కసారే.

*

అంతా అయ్యాక అమ్మాయి, "ఇప్పుడైనా నాతో వస్తావా అమ్మా?" అంది. "మెట్లు ఎక్కగలిగితే ఇక్కడే ఉండమన్నావుగా" అన్నాను. మర్నాడు పొద్దున అబ్బాయి, నేను అడక్కుండానే, ఫోను తెచ్చి ఇనప ప్రెస్సుకి ఆనించి, క్లాసు పెట్టి కిందికి వెళ్లిపోయాడు.

గళ్లలో అందరూ ఉన్నారు. టీచరు నన్ను చూసి చప్పట్లు కొట్టింది.

"అమ్మా! ఇన్నాళ్లకి కనిపించారు. అరే, చూడండి అందరూ! ఇవాళ చెయ్యి లేకుండా నిలబడ్డారు! నేను ఎప్పటి నుంచి చెబుతున్నాను! చూశారా, ఏమీ కాలేదుగా?"

డ్రైవరు గారు కుర్చీలోనే ఊగుతూ చప్పట్లు కొట్టాడు. "లైసెన్సు వచ్చేసింది!" అన్నాడు.

ఆ పిల్ల ముఖం ఎంత సంతోషంగా ఉందో. ఏం చెప్పను?

"అవునమ్మా" అన్నాను. "ఏమీ కాలేదు."

ఆకాశం ఎత్తాం. విల్లు లాగాం. నాలుగో కదలికలో అందరితో పాటు మెల్లగా తల తిప్పి వెనక్కి చూశాను. గోడ మీద, దాని భుజం ఆనిన చోట, సున్నం కొంచెం మాసి ఉంది. టీచరు "ముందుకి" అంది. తిప్పాను. చివర మడమలు ఎత్తి, పాదాలు ధబ్బున దించాను.

గళ్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఈసారి చివరి దాకా చూశాను. తర్వాత నేనే మీట నొక్కాను.

కింద మెషీన్ ఆగింది.

"అయిందా... పెద్దమ్మా?"

పైనుంచి అరవడం నాకు అలవాటు లేదు. ఊపిరి లోపలికి తీసుకుని, కాళ్లు కాస్త ఎడంగా పెట్టుకుని, "అయిందిరా, టీ పట్రా!" అని అరిచాను.